పాట లేని బాణీకి పట్టాభిషేకం.. పట్టుమని ఏడాదే!

- ‘టెల్‌స్టార్’తో ప్రపంచాన్ని ఊపిన టోర్నడోస్ బృందం
- మన ఊరేగింపుల నాగిని స్వరానికీ అదే వాద్యం
- వాయించిన వారి పేరు, ప్రతిఫలం ఎవరి లెక్కలో?

గోరంట్ల: పెళ్లి ఊరేగింపు ఊరి నడిబొడ్డుకు చేరగానే కుర్రకారు కోరేది ఒక్కటే.. ‘నాగిని వాయించండి’. బ్యాండు మేళంలోని క్లారినెట్ కళాకారుడు బుగ్గలు పూరించి ఆ స్వరం ఎత్తుకుంటాడు. ఒకరు చేతిరుమాలు నోట పట్టి నాగస్వరం ఊదినట్లు అభినయిస్తే, మరొకరు రెండు చేతులూ పడగలా పట్టి నేల మీద మెలికలు తిరుగుతారు. గోరంట్ల, సోమందేపల్లి, చిలమత్తూరు పల్లెల్లో ఈ దృశ్యం చూడని వారు అరుదు. ఆ స్వరానికి మాటలు అక్కర్లేదు. దాన్ని తొలుత పలికిన వాద్యం ఏది, వాయించిన వారెవరు అని అడిగే వారూ లేరు.

ఆ వాద్యం పేరు క్లావియోలిన్. 1954లో వచ్చిన హిందీ చిత్రం ‘నాగిన్’లో పాములవారి నాగస్వరాన్ని అనుకరించింది అదే. ఎనిమిదేళ్ల అనంతరం లండన్‌లో ఒక దుకాణం పైఅంతస్తులో అదే వాద్యం మరో స్వరాన్ని పలికింది. ‘టెల్‌స్టార్’ అనే ఆ బాణీ అమెరికా, బ్రిటన్ రెండు దేశాల్లోనూ అగ్రస్థానానికి చేరింది. దాన్ని వాయించిన ‘టోర్నడోస్’ అనే ఐదుగురి బృందం కీర్తి మాత్రం ఏడాదికి మించి నిలవలేదు. మాటలు లేని సంగీతానికి దక్కే గౌరవం ఎంత, దాన్ని వాయించిన వారికి మిగిలేది ఎంత అన్న ప్రశ్నకు ఈ బృందం కథ ఒక నిదర్శనం.

మాట లేకున్నా మనసుకు హాయి

పాశ్చాత్య దేశాల్లో 1950, 60 దశకాల్లో గాయకులు లేకుండా కేవలం వాద్యాలతో కూర్చిన లలితమైన బాణీలకు విపరీతమైన గిరాకీ ఉండేది. హోటళ్లలో, రేడియోలో, ఇంటి గ్రామఫోనుపై పని చేసుకుంటూ వినదగిన ఈ తరహా సంగీతాన్ని ‘ఈజీ లిజనింగ్’ అన్నారు. అమెరికాకు చెందిన ‘బిల్‌బోర్డ్’ పత్రిక 1961 జులైలో దీనికి ప్రత్యేక జాబితానే ప్రారంభించింది.

పెర్సీ ఫెయిత్ వాద్యబృందం వాయించిన ‘ఎ సమ్మర్ ప్లేస్’ చిత్రం బాణీ 1960లో అమెరికాలో వరుసగా 9 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. బ్రిటన్‌కు చెందిన క్లారినెట్ విద్వాంసుడు ఆకర్ బిల్క్ వాయించిన ‘స్ట్రేంజర్ ఆన్ ద షోర్’ 1962 మే నెలలో అక్కడే మొదటి స్థానం పొందింది. మన బ్యాండు మేళాలకు ప్రాణమైన క్లారినెట్టే ఆ ఘనత సాధించడం గమనార్హం. 1968లో పాల్ మోరియా వాద్యబృందం ‘లవ్ ఈజ్ బ్లూ’తో, 1972లో ‘హాట్ బటర్’ బృందం ‘పాప్‌కార్న్’తో శ్రోతలను అలరించారు. వీటిలో అనేక బాణీలు నేటికీ ఎక్కడో ఒకచోట వినబడుతూనే ఉన్నాయి. వాయించిన వారి పేర్లే మరుగున పడ్డాయి.

ఈ పరిస్థితి మనకు కొత్త కాదు. ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యే వేళ వినిపించే పరిచయ స్వరాన్ని తరతరాలుగా వింటున్నాం. దాన్ని కూర్చిన వాల్టర్ కాఫ్‌మన్, హిట్లర్ దురాగతాలకు భయపడి ఐరోపా నుంచి మన దేశానికి తరలివచ్చిన యూదు సంగీతజ్ఞుడన్న సంగతి ఎంత మందికి తెలుసు?

ప్రకటనతో పుట్టిన బృందం

టోర్నడోస్ బృందం 1961లో రూపుదిద్దుకుంది. స్నేహితులు కూడబలుక్కుని పెట్టుకున్న బృందం కాదది. జో మీక్ అనే స్వతంత్ర నిర్మాత తన స్టూడియోలో పాడే గాయకులకు వాద్య సహకారం కోసం పత్రికా ప్రకటన ద్వారా కళాకారులను సమకూర్చుకున్నారు. గిటార్ అలాన్ క్యాడీ, సహ గిటార్ జార్జ్ బెలామీ, బేస్ గిటార్ హైంజ్ బర్ట్, కీబోర్డు రోజర్ లావెర్న్, డ్రమ్స్ క్లెమ్ కాటినీ వాయించేవారు. వీరిలో క్యాడీ, కాటినీలకు అప్పటికే పేరున్న ఓ రాక్ బృందంలో అనుభవం ఉంది. 1962 ఆరంభం నుంచి నాటి ప్రసిద్ధ గాయకుడు బిల్లీ ఫ్యూరీకి వేదికలపై వెనుక వాద్యాలు వాయించే బాధ్యతా ఈ ఐదుగురిదే అయింది. సొంతంగా విడుదల చేసిన తొలి రికార్డు ‘లవ్ అండ్ ఫ్యూరీ’ని శ్రోతలు పట్టించుకోలేదు.

1929లో ఇంగ్లండ్‌లోని న్యూవెంట్ అనే చిన్న పట్టణంలో జన్మించిన మీక్‌కు స్వరాలు రాయడం రాదు, వాద్యం వాయించడమూ రాదు. శబ్దంతో ప్రయోగాలు చేయడంలో మాత్రం దిట్ట. లండన్‌లోని 304, హాలోవే రోడ్డులో తోలు వస్తువుల దుకాణం పైనున్న అద్దె ఇల్లే ఆయన స్టూడియో. గదుల మధ్య తీగలు లాగి, ఒక గదిలో వాయించిన దాన్ని మరో గదిలో ముద్రించేవారు. పెద్ద కంపెనీల హంగులేవీ లేని ఆ ఇంటి నుంచే చరిత్రకెక్కిన బాణీ వెలువడింది.

గగనంలో గోళం.. గదిలో గానం

1962 జులై 10న అమెరికాలోని కేప్ కెనావెరల్ నుంచి ‘టెల్‌స్టార్’ ఉపగ్రహం నింగికెగిసింది. బరువు 77 కిలోలు. చూడటానికి బంతిలా ఉండే ఈ గోళం అట్లాంటిక్ మహాసముద్రం ఆవలికి తొలిసారిగా టీవీ దృశ్యాలను ప్రత్యక్షంగా చేరవేసింది. భూమిని చుట్టి రావడానికి దానికి పట్టే సమయం సుమారు 2 గంటల 37 నిమిషాలు. రెండు తీరాలకూ ఒకేసారి కనిపించేది మాత్రం ప్రతి పర్యాయం దాదాపు 20 నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలో వచ్చిన మసక చిత్రాలను చూసేందుకు జనం టీవీల ముందు గుమిగూడారు.

ఆ ప్రసారం చూసిన మీక్ మనసులో ఓ బాణీ మెదిలింది. దాన్ని తానే కూనిరాగంగా ముద్రించి వాద్యకారులకు వినిపించారు. అప్పటికి టోర్నడోస్ సముద్రతీర పట్టణం గ్రేట్ యార్మత్‌లో బిల్లీ ఫ్యూరీతో వేసవి ప్రదర్శనల్లో తలమునకలుగా ఉన్నారు. మధ్యలో దొరికిన విరామంలో లండన్ వచ్చి హడావుడిగా వాయించి వెళ్లిపోయారు. తర్వాత మీక్ మిత్రుడు జెఫ్ గొడార్డ్ క్లావియోలిన్‌పై ప్రధాన స్వరాన్ని జోడించారు. ఆది, అంతాల్లో రాకెట్ హోరును తలపించే శబ్దాలను మీక్ చేర్చారు. డెక్కా సంస్థ ఆగస్టు 17న రికార్డును విడుదల చేసింది.

శిఖరాన ఆ కొన్ని వారాలు

అక్టోబరు నాటికి ‘టెల్‌స్టార్’ బ్రిటన్‌లో ప్రథమ స్థానానికి చేరి 5 వారాలు కదలలేదు. మొత్తం 25 వారాలు జాబితాలో కొనసాగింది. డిసెంబరు 22 నాటి అమెరికా జాబితాలోనూ అగ్రస్థానం పొంది 3 వారాలు నిలిచింది. అమెరికాలో మొదటి స్థానం సాధించిన తొలి బ్రిటిష్ బృందం టోర్నడోసే. బీటిల్స్ బృందం ఆ దేశంలో జయకేతనం ఎగురవేయడానికి ఇంకా ఏడాదికి పైగా వ్యవధి ఉంది. ప్రపంచవ్యాప్తంగా 50 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయని చెబుతారు. బ్రిటన్ స్వరకర్తలకు ఇచ్చే ప్రతిష్ఠాత్మక ఐవర్ నొవెల్లో పురస్కారం కూడా ఈ బాణీని వరించింది.

ఆ విజయానికి కారణాలు లేకపోలేదు. అంతరిక్షం పేరు చెబితే చాలు జనం చెవులు రిక్కించే రోజులవి. అది ఏ భాషదీ కాదు కనుక ఏ దేశంలోనైనా చెల్లింది. విన్న వెంటనే నోటికి పట్టుకునే సరళమైన బాణీ, అంతకుముందు ఎవరూ విననంత కొత్త శబ్దం తోడయ్యాయి.

ఎగిసినంత వేగంగానే..

ఉపగ్రహం జాతకం మొదటి నుంచీ బాగోలేదు. అది ఎగరడానికి ముందురోజే, జులై 9న అమెరికా పసిఫిక్ మహాసముద్రంపై అంత ఎత్తున అణు పరీక్ష జరిపింది. దాంతో పెరిగిన రేడియోధార్మికత టెల్‌స్టార్‌లోని సున్నితమైన పరికరాలను దెబ్బతీసింది. నవంబరులో మూగబోయింది. జనవరిలో శాస్త్రవేత్తలు ఎలాగో బతికించినా 1963 ఫిబ్రవరి 21న శాశ్వతంగా నిలిచిపోయింది. బాణీ అమెరికాలో అగ్రస్థానం దిగిన కొద్ది వారాలకే అది స్ఫూర్తి పొందిన ఉపగ్రహం మౌనం దాల్చిందన్నమాట. నిర్జీవమైన ఆ గోళం నేటికీ భూమి చుట్టూ తిరుగుతూనే ఉంది.

బృందం పరిస్థితీ అంతే. 1963 ఆరంభంలో వచ్చిన ‘గ్లోబ్‌ట్రాటర్’ బ్రిటన్‌లో 5వ స్థానం వరకు వెళ్లింది. తర్వాతి ‘రోబో’ 17, ‘ది ఐస్‌క్రీమ్ మ్యాన్’ 18, ‘డ్రాగన్‌ఫ్లై’ 41వ స్థానాలతో సరిపెట్టుకున్నాయి. మెట్టు మెట్టుకూ దిగజారిన తీరు ఈ అంకెల్లోనే కనిపిస్తుంది.

అమెరికాలో పేరు మారుమోగుతున్న వేళ అక్కడికి వెళ్లి ప్రదర్శనలు ఇచ్చి ఉంటే కథ మరోలా ఉండేదేమో! బిల్లీ ఫ్యూరీకి వెనుక వాయించాలన్న ఒప్పందం కాళ్లకు బంధమైంది. బేస్ గిటార్ కళాకారుడు హైంజ్‌ను మీక్ గాయకుడిగా తీర్చిదిద్దాలనుకోవడంతో 1963లోనే ఆయన బృందాన్ని వీడారు. అదే ఏడాది బీటిల్స్ ప్రభంజనం మొదలైంది. పాడుతూ వాయించే బృందాల ముందు మాట లేని బృందాలు వెలవెలబోయాయి. 1965 నాటికి తొలి ఐదుగురిలో ఒక్కరూ మిగల్లేదు. పేరు మాత్రం కొత్త వారితో మరికొంత కాలం నడిచింది.

ఆ తర్వాత డ్రమ్స్ కళాకారుడు కాటినీ స్టూడియోల్లో ఇతరుల పాటలకు వాయించేందుకే జీవితం అంకితం చేశారు. బ్రిటన్‌లో అగ్రస్థానం పొందిన 40కి పైగా పాటల్లో ఆయన వాద్యం ఉంది. ఆ పాటల అట్టలపై పేర్లు మాత్రం వేరే వారివి. జార్జ్ బెలామీ కుమారుడు మాథ్యూ నేటి ప్రసిద్ధ రాక్ బృందం ‘మ్యూజ్’కు గాయకుడు.

సొమ్ము చేతికందని స్వరకర్త

బాణీ కూర్చిన మీక్ ఖజానా నిండిందనుకుంటే పొరపాటే. 1960 నాటి ‘ఆస్టర్లిట్జ్’ అనే ఫ్రెంచి చిత్రంలోని తన బాణీని కాపీ కొట్టారంటూ స్వరకర్త జాన్ లెద్రూ దావా వేశారు. ఆ చిత్రం గురించి తనకు తెలియదని మీక్ వాదించారు. దావా తేలే వరకు రాయల్టీ చెల్లింపులు నిలిచిపోయాయి. ఏళ్లు గడిచాయి. స్టూడియో అప్పుల్లో కూరుకుపోయింది. మీక్ మానసికంగా కుంగిపోయారు. 1967 ఫిబ్రవరి 3న ఇంటి యజమానురాలిని తుపాకీతో కాల్చి చంపి, తానూ కాల్చుకుని మరణించారు. అప్పటికి ఆయన వయసు 37 ఏళ్లు. ఏ పాపమూ ఎరుగని మహిళ బలైపోయింది.

మూడు వారాల తర్వాత దావా మీక్‌కు అనుకూలంగా పరిష్కారమైంది. ఆ సొమ్ము అందుకునేందుకు ఆయన లేరు. ఈ ఉదంతం ఆధారంగా 2008లో ‘టెల్‌స్టార్’ పేరుతోనే ఓ చలనచిత్రం రూపొందింది.

క్లావియోలిన్ నుంచి క్లారినెట్‌కు

క్లావియోలిన్‌ను ఫ్రాన్స్‌కు చెందిన కాన్‌స్టాంట్ మార్టిన్ 1947లో రూపొందించారు. చిన్న హార్మోనియం అంత ఉండే ఈ విద్యుత్ వాద్యంలో ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. మీటలు మార్చి ఆ స్వరానికి వయొలిన్, సన్నాయి వంటి రకరకాల ఛాయలు తేవచ్చు. స్వరం వణుకుతూ సాగడం దీని ప్రత్యేకత.

‘నాగిన్’ చిత్రానికి హేమంత్ కుమార్ సంగీత దర్శకులు. ఆయన సహాయకుల్లో ఒకరైన కల్యాణ్‌జీ ఈ వాద్యంపై నాగస్వర ధ్వనిని సాధించారు. మరో సహాయకుడు రవి హార్మోనియంతో జత కలిశారు. అనంతర కాలంలో ఇద్దరూ స్వయంగా పేరొందిన సంగీత దర్శకులయ్యారు. తెరపై కనిపించేది సొరకాయ బుర్రతో చేసిన నాగస్వరం. వినిపించేది ఫ్రాన్స్‌లో పుట్టిన విద్యుత్ వాద్యం! తర్వాత ఎన్నో నాగుపాము చిత్రాలు వచ్చినా వాటి స్వరాలకు ఒరవడి దిద్దింది ఇదే. సినిమా నుంచి రికార్డుకు, రికార్డు నుంచి బ్యాండు మేళానికి, అక్కడి నుంచి కీబోర్డుకు ఆ బాణీ వలస సాగింది. చివరకు పాములవారే సినిమా బాణీని బుర్రపై వాయించే స్థితి వచ్చింది.

‘టెల్‌స్టార్’ బాణీ మన పల్లెలకు చేరలేదు గానీ, ఉపగ్రహం అందించిన వింత మాత్రం 13 ఏళ్ల తర్వాత మన రాష్ట్రానికీ వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో 6 రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1962లో లండన్ వాసులు చూసి అబ్బురపడిన దాన్ని మన పల్లె వాసులు ఊరుమ్మడి టీవీ ముందు కూర్చుని చూశారు.

మన కళాకారులకు చట్టం ఏం చెబుతోంది?

వాద్య కళాకారుల కష్టానికి మన దేశంలోనూ చాలా కాలం చట్టబద్ధమైన గుర్తింపు లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం స్వరకర్తకు హక్కు ఇచ్చినా, వాయించిన వారి ఊసెత్తలేదు. సినిమా సంగీతం విషయంలో స్వరకర్త హక్కూ నిర్మాతకే చెందుతుందని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1994 సవరణతో ‘ప్రదర్శకుల హక్కు’ తొలిసారి చట్టంలోకి వచ్చింది. పాడినవారు, వాయించినవారు, ఆడినవారు దీని పరిధిలోకి వస్తారు. 2012 సవరణ మరో అడుగు ముందుకేసింది. ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడుకుంటే రాయల్టీ పొందేందుకు, ప్రదర్శకుడిగా తన పేరు ప్రకటించాలని కోరేందుకు వీలు కల్పించింది.

పెళ్లిళ్లలో సినిమా బాణీలు వాయించే బ్యాండు మేళాల వారు భయపడాల్సిన పని లేదు. మతపరమైన వేడుకల్లో సంగీతం వినిపించడం కాపీరైట్ ఉల్లంఘన కాదని చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. వివాహ ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలూ అందులో భాగమేనని స్పష్టంగా పేర్కొంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ప్రకటన జారీ చేసి ఈ విషయాన్ని మరోసారి గుర్తు చేసింది. టిక్కెట్టు పెట్టి నిర్వహించే సంగీత విభావరులకు మాత్రం ఈ మినహాయింపు వర్తించదు.

అయితే బ్యాండు మేళం కళాకారుడి అసలు సమస్య కాపీరైట్ కాదు, గిరాకీ. పెళ్లి ముహూర్తాలు ఉన్న నెలల్లోనే ఆయనకు పని. మూఢం వచ్చిందంటే వాద్యం సంచిలోకి చేరుతుంది. వానలు మొహం చాటేసిన ఏడు శ్రీసత్యసాయి జిల్లా పల్లెల్లో పెళ్లిళ్ల ఖర్చులో మొదట కోత పడేది మేళానికే. దానికి తోడు డీజే వాహనం వచ్చి పదిమంది చేసే పనిని ఒక యంత్రంతో కానిచ్చేస్తోంది. ఆ డీజేలో మోగేదీ ఎవరో ఒకరు ఎప్పుడో వాయించిన స్వరమే.

ఒక చూపులో..

- 1947: ఫ్రాన్స్‌లో క్లావియోలిన్ ఆవిష్కరణ
- 1954: ‘నాగిన్’ చిత్రంలో నాగస్వర అనుకరణ
- 1961: జో మీక్ ఆధ్వర్యంలో టోర్నడోస్ ఏర్పాటు
- 1962 జులై 10: టెల్‌స్టార్ ఉపగ్రహ ప్రయోగం
- 1962 ఆగస్టు 17: ‘టెల్‌స్టార్’ రికార్డు విడుదల
- 1962 అక్టోబరు: బ్రిటన్‌లో అగ్రస్థానం
- 1962 డిసెంబరు 22: అమెరికాలో అగ్రస్థానం
- 1963 ఫిబ్రవరి 21: ఉపగ్రహం పనిచేయడం నిలిపివేత
- 1965: తొలి ఐదుగురిలో చివరి వారి నిష్క్రమణ
- 1967 ఫిబ్రవరి: మీక్ మరణం, ఆపై దావాలో విజయం
- 1994, 2012: మన దేశంలో ప్రదర్శకుల హక్కులపై చట్ట సవరణలు

టోర్నడోస్ కీర్తి కొన్ని నెలలే అయినా వారి బాణీ ఆరు దశాబ్దాలు దాటి నిలిచింది. బాణీ బతికినంత కాలం దాన్ని వాయించిన వారి పేరూ బతకాలన్నదే వాద్య కళాకారుల ఆశ. ఇకపై ఊరేగింపులో నాగిని వాయించమని కోరేవారు, వాయించిన క్లారినెట్ కళాకారుడి పేరు కూడా ఒక్కసారి అడిగితే ఆయనకు అదే పదివేలు!